నెత్తళ్లకు పోయిన విత్తనం

నెత్తళ్ల వాసన తగిలితే, ఇన్నేళ్లయినా, గున్నమ్మ ఒకసారి అరచేతులు చూసుకుంటుంది.

యుద్ధం రోజులవి. బర్మా బియ్యం రావడం మానేశాక చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్లన్నీ చోడి అంబలి, అంటే రాగి జావ మీదే బతుకుతున్నాయి. తొలకరి పడింది. ఆ పొద్దున తండ్రి సోములు విత్తనపు చోళ్ల కుండకు పేడతో అలికిన మూత పగలగొట్టి, గింజ చూసుకుని, నారు పోసే ఆకుమడి దున్నడానికి పోయాడు. తల్లి చిన్నతల్లి కూడా అతని వెంట వెళ్తూ, ఎండుచేపల దాలమ్మ వస్తే తిండిగింజల కుండలోంచి కొలిచి నెత్తళ్లు తీసుకోమని కూతురికి చెప్పింది.

ఇంట్లో చీకటి. కుండలు రెండూ పక్కపక్కనే. వాకిట్లో దాలమ్మ తొందర పెడుతోంది. విత్తనపు కుండకు మూత ఉంటుందనుకుని, గున్నమ్మ మూత లేని కుండలో కొలిచే సోల ముంచింది.

దాలమ్మ వెళ్లిపోయాక పొయ్యి రాజెయ్యబోతే మోచేతుల దాకా బూడిద కనిపించింది. వేళ్ల సందున ఎండు వేపాకు. విత్తనానికి పురుగు పట్టకుండా కలిపేవి అవే. పరుగున పోయి కుండలో చెయ్యి పెడితే అడుగు తగిలింది. మధ్యాహ్నం గంజి తాగి తండ్రి విత్తనం పట్టుకెళ్తాడు. ఆ ఏడు అడిగితే విత్తనం పెట్టే ఇల్లు ఊళ్లో లేదు. దాలమ్మ బస్తాలోనా, ఏ ఇంటి గింజైనా పడితే కలిసిపోవడమే.

గట్లమ్మట పరిగెత్తి దాలమ్మను పక్క ఊళ్లో పట్టుకుంది. అక్కడొక ఇల్లాలు చోళ్లు కొలుస్తోంది. మొదటి సోలను ఒకటి అనరు, లాభం అంటారు. కొలత మధ్యలో మాట్లాడితే లాభం విరిగిపోతుందని గున్నమ్మకు తెలుసు. పెదవి కరుచుకుని నిలబడింది. సోల సోలా బస్తాలోకి జారుతుంటే తమ మడి పూడిపోతున్నట్టే ఉంది.

కొలత అయింది. "అత్తా, నానిచ్చినవి ఇత్తనాలు."

దాలమ్మ తల ఎత్తకుండా బస్తా మూతి కట్టింది. తర్వాత గంపలోంచి చేపలు చుట్టే పాతగుడ్డ మూట తీసింది.

"బూడిద కలిపి కొలత పెంచీసినారనుకున్నానే గుంటా. పదిమందిలో మీయమ్మని కడిగీడానికి మీ గింజ ఇడిగా కట్టినాను."

తిరిగివ్వాల్సిన నెత్తళ్లు ఇంట్లోనే మరిచిపోయి వచ్చానని గున్నమ్మ ఏడుపు గొంతుతో చెప్పింది. మళ్లీ వచ్చినప్పుడు తిండిగింజలు కొలుద్దువుగానిలే అని దాలమ్మ మూట చేతిలో పెట్టింది.

"ఈ గుడ్డకి ఉప్పున్నాది. మొలుస్తాదో లేదో నాకు తెల్దు. పరిగెట్టు."

ఇంటికొచ్చేసరికి సోములు కుండ వంచి చూస్తున్నాడు. మూట విప్పి వాసన చూశాడు.

"ఏటే, ఇత్తనం నీసు కొడతన్నాది?"

జరిగిందంతా చెప్పి, దెబ్బ పడుతుందని కళ్లు మూసుకుంది. దెబ్బ పడలేదు. కుండ అడుగున మిగిలింది మడి ఒక వారన, ఆ మూటది వేరే మూలన చల్లాడు.

"ఈ మూల నీది. మొలకపోతే ఏటి తింటామో మీయమ్మకి నువ్వే సెప్పు."

రోజూ పొద్దున్నే గట్టు మీద కూర్చుంది. అటు పచ్చబడింది. తన మూల నల్లగానే ఉంది. నిద్రలో కూడా ఉప్పే కనపడేది. చివరికి దాలమ్మ కేక వీధి మొదట్లో వినపడిన పొద్దున, ఆ మూలలో అక్కడొకటీ ఇక్కడొకటీ, సూదిమొనల్లా లేచాయి.

గున్నమ్మ ఇంటికి పరిగెత్తింది. తిండిగింజల కుండను వాకిట్లో వెలుగులోకి ఈడ్చింది. నాలుగు గింజలు నోట్లో వేసుకుని, బూడిద తగల్లేదని రూఢి చేసుకుని, లాభం అంటూ సోల ముంచింది.