వెదురుగుంట వరుసలు

భాద్రపద బహుళపక్షమున నొకనాటి అపరాహ్ణము. ఆషాఢము మొదలు ఎడతెరిపి లేక కురిసి కురిసి అలసిన మేఘములు కొండల నడుములకు చుట్టుకొని కదలక మెదలక వ్రేలాడుచుండెను. గోదావరి ఆనకట్టకు ఎగువనున్న లోయలన్నిటను నిండి ఒకప్పుడు జొన్నచేలును వెదురుపొదలును జీలుగుతోపులును ఉన్న తావులందు నిస్తరంగమై పరచుకొని ఆకసమునకును తనకును భేదము తెలియనీయని బూడిదవన్నె ధరించియుండెను. ఆ జలరాశి క్రింద తొమ్మిది గ్రామములు కలవు. వాని పొయ్యిగడ్డలు కలవు, గడపలు కలవు, పెద్దలను పాతిన చోట నిలిపిన రాళ్లు కలవు. వాని మీదుగా ఇపుడు చేపలవారి పడవలు పోవుచుండును.

అయినను ఆ తొమ్మిది గ్రామములును ఒక్కచోట మాత్రము మునుగక నిలిచియుండెను. అచ్చటికి ఇరువది క్రోసుల దూరమున పట్టణమందు నిర్వాసితుల పునరావాస కార్యాలయమను మూడంతస్తుల భవనము కలదు. దాని క్రింది అంతస్తున చల్లనిగాలి యంత్రము రేయింబవళ్లు బుసకొట్టు ఇఱుకుగదిలో రెండు సర్వరులు ఉండెను. ఏ కంపెనీ సొత్తును గాక నానాదేశవాసులైన నిర్మాతలు తమ తీరికవేళలందు రచించి లోకమునకు ఉచితముగా ధారపోసిన యొక డేటాబేసు ఆ సర్వరులందు కొలువుతీరియుండెను. ఏ ఇంట నెవరు కాపురముండిరి, ఎవరి వాకిలికి ఎవరి వాకిలి ఎదురు, ఎవరి పెద్దలు ఏ రాతి క్రింద పండుకొనియున్నారు అను సమస్తమును అందు వరుసలు వరుసలుగా పట్టికలకెక్కియుండెను. ఆ వరుసను బట్టియే క్రొత్త కాలనీలో పాత యిరుగుపొరుగులను మరల పక్కపక్కనే నిలుపవలెనని ప్రభుత్వము మాట యిచ్చెను. వానికి కాగితపు ప్రతులు లేవు. కాగితము వాడని కార్యాలయమని ఆ భవనమునకు బహుమానము సైతము వచ్చియుండెను.

ఈ డేటాబేసునకు కాపరి బొడ్డు వైకుంఠరావు. ఏబదియేండ్లవాడు, మితభాషి, ఏటేట పొడిగింపబడు ఒప్పందపు కొలువువాడు. డిస్కు నిండెనా ఏ చోట ఖాళీ చేయవలయునో, ఇద్దరు గుమాస్తాలు చెరియొక వరుసను పట్టుకొని ఎదుటివాని వరుస కొఱకు బిగిసికూర్చుండిరా ఎవని పట్టు విడిపింపవలయునో, పని సగములో వదలి టీ త్రాగబోయిన మహానుభావుడెవ్వడు తక్కినవారినెల్ల నిలువరించుచున్నాడో ఆతడు చిటికెలో చెప్పగలడు. దేశాంతరములందలి అపరిచితులు ఆ డేటాబేసు వాడుకరుల సమూహమునకు జాబులు వ్రాసి మొఱపెట్టుకొన్నపుడు ఓపికతో బదులు వ్రాయువారిలో నాతడొకడు. బ్యాకప్పను మాఱుప్రతి తీసితిమని సంతసింపకుడు, దానిని తిరిగి నిలిపి చూచితిరా అనునది ఆతడు ప్రతి జాబునందును వ్రాయు మాట. పరులకు చెప్పుటయే కాదు, తానును ప్రతిమాసము మొదటి సోమవారమున మూడవ యంత్రమొకదానిపై ఆ బ్యాకప్పును నిలిపి తోచిన యైదుగురు గృహస్థుల పేర్లు వెదకి వారు అందున్నారని కన్నులార చూచిన పిమ్మటనే భోజనమునకు లేచెడివాడు.

గడచిన మాఘమాసమున ఆ నియమము తప్పెను. సంచాలకులు పృథ్వీధరరావుగారు గదిలోనికి వచ్చి ఆ మూడవ యంత్రమును వ్రేలితో చూపిరి.

"వైకుంఠరావుగారూ, మొదటి సర్వరునందు జరుగు ప్రతి మార్పును రెండవది రెప్పపాటులో అనుకరించునని మీరే గదా సెలవిచ్చితిరి? మఱి ఈ మూడవది దేనికి? మేడమీది సమావేశమందిరమున తెర నడపుటకు యంత్రము లేక నేను అవస్థపడుచున్నాను."

అనుకరించునది మేలునే గాక కీడును అనుకరించునని వైకుంఠరావు ఎఱుగును. అపరిచితులకు నూఱుసార్లు వ్రాసిన మాట యది. ఆ దినమున నాలుక చివరకు వచ్చి ఆగిపోయెను. ఏలయన ఆతని కొలువు పొడిగింపు కాగితము ఆ వారమే సంచాలకుల బల్లమీద సంతకమునకై వేచియుండెను. "చిత్తము" అని మాత్రము పలికి తానే తీగలూడదీసి యంత్రమును పైకి మోయించెను. సంతకమైనది. నాటినుండి బ్యాకప్పు ప్రతిదినము తీయబడుచున్నట్లు పట్టీలో నమోదగుచుండెను, దానిని తెఱచి చూచువాడు లేకపోయెను.

ఇక భాద్రపదమునాటి ఆ అపరాహ్ణము. రాజధాని నుండి సందర్శకులు వచ్చి మేడమీద కూర్చుండియుండిరి. వారికి చూపు పట్టికలలో శిక్షణ కొఱకు కల్పించిన దొంగమండలమొకటి మిగిలియున్నదనియు దానిని తక్షణము తొలగింపవలెననియు సంచాలకులు ఫోనులో ఆజ్ఞాపించిరి. ఆ కల్పితమండలము సంఖ్య పదునొకండు. మునిగిన లోయ మండలపు సంఖ్య ఒకటి. పూర్వమైనచో ఇట్టి పనిని మూడవ యంత్రముపై చేసి చూచి గాని వైకుంఠరావు అసలుదానిపై చేయి వేయడు. ఏ మార్పునకైనను ముందు ఆరంభమను ఆజ్ఞను వ్రాయుట, పొరపాటైనచో వెనుకకు మరలుట ఆతని చిరకాలపు అలవాటు. ఆనాడు ఫోను మరల మ్రోగెను. ఎంతసేపు అని గద్దింపు వినవచ్చెను. ఆరంభమను ఆజ్ఞ వ్రాయబడలేదు, రెండు ఒకట్లు కొట్టవలసిన చోట ఒక్క ఒకటియే పడెను, వ్రేలు మీట నొక్కెను.

ఒక వరుస తొలగింపబడినదని యంత్రము మర్యాదగా బదులిచ్చెను.

ఒక్క వరుసయే గదా అని వైకుంఠరావు ఊపిరి విడిచి సంఖ్యను మరల చూచుకొనెను. చూచి లేచి నిలువబడెను. మండలము పోయినచో దాని గ్రామములును, గ్రామము పోయినచో దాని యిండ్లును, ఇల్లు పోయినచో దాని మనుష్యులును వెంటనే పోవునట్లు బంధములు వేసినవాడు తానే. తల్లిలేని వరుసలు పట్టికలలో అనాథలై తిరుగరాదని చక్కదనము కొఱకు వేసిన బంధములవి. యంత్రము తల్లిని మాత్రమే లెక్క చెప్పును, పిల్లలను చెప్పదు. తొమ్మిది గ్రామములు, రెండువేల మున్నూఱు కుటుంబములు, ఆ ఒక్క వరుస వెంట నడచిపోయెను. రెండవ సర్వరును చూచెను. అది తన ధర్మమును రెప్పపాటులో నెఱవేర్చియుండెను.

బ్యాకప్పుల పెట్టెను తెఱచెను. మాఘమాసము మొదలు ప్రతిదినము ఒక్కొక్క ఫైలు పేరుతో తేదీతో బుద్ధిగా వరుస తీరియుండెను. ఒక్కొక్కదాని పరిమాణము సున్న. బ్యాకప్పుల డిస్కు నిండిన దినమునుండి యంత్రము పేరు వ్రాసి ఊరకుండెను. అంతకు ముందటిదానిలో లోయ సర్వే అప్పటికి ఎక్కనే లేదు. ఊరూర తిరిగి టాబ్లెట్లలో వ్రాసికొన్న సర్వే ఫాల్గుణమున గాని అందు చేరలేదు, చేరిన పిమ్మట టాబ్లెట్లు తుడువబడెను.

అయినను ఆశ యొకటి మిగిలియుండెను. ఈ డేటాబేసునందు తొలగించిన వరుస తక్షణము నశింపదు, కంటికి కానరాక డిస్కుమీదనే పడియుండును. వాక్యూమను పారిశుద్ధ్యకర్మ తన వంతున వచ్చి ఆ మృతవరుసలను ఊడ్చి చోటు ఖాళీ చేయువరకు వానిని నిపుణులు శ్రమపడి వెలికితీయవచ్చును. చేయవలసినది ఒక్కటే, ఉన్నపళముగ సర్వరును ఆపుట. వాక్యూము గంటకొకసారి వచ్చునట్లు అమర్చినది వైకుంఠరావే గావున అది వచ్చుటకింక ఇరువది నిమిషములున్నవని ఆతనికి తెలియును.

ఆపు ఆజ్ఞను వ్రాసెను. మీటపై వ్రేలు పెట్టెను. అనుమతి లేక సర్వరు నాపరాదను కాగితము ఎదుటి గోడకు అంటించియుండెను. ఆపినచో మేడమీది తెర సందర్శకుల యెదుట నల్లబడును. ముప్పదియేండ్లు పైవారి అనుమతి నడిగి అడిగి బ్రదికిన యా వ్రేలు ఆ మీటను నొక్కలేకపోయెను. అడిగి వచ్చెదనని ఆతడు మెట్లవైపు పరుగెత్తెను. పాఠకులారా, ఆతనిని తిట్టుటకు తొందరపడకుడు. మనలో ననేకులము ఆ మెట్లెక్కినవారమే.

మందిరపు తలుపు ఓరగ తెఱచియుండెను. లోపల తెరమీద లోయ పటము వెలుగుచుండెను, యంత్రము పూర్వమే తెచ్చిపెట్టుకొన్న ప్రతిబింబమది. పృథ్వీధరరావుగారు చేయి చాచి చెప్పుచుండిరి.

"నీరు గ్రామములను ముంచెను గాని వారి వివరములలో ఒక్క అక్షరమును ముంచలేకపోయెను."

సందర్శకులు తలలూపిరి. వైకుంఠరావు గడపలో నిలిచి "అయ్యా" అనెను. సంచాలకులు ఆతని వైపు చూడకయే అఱచేయి ఎత్తి ఆగుమని సైగచేసిరి. ఆతడు ఆగెను. అఱచేయి దిగలేదు. గోడ గడియారము ముల్లు కదలుచుండెను. కేకవేసి చెప్పవలెనని రెండుమార్లు నోరు తెఱచెను, రెండుమార్లును మూసెను. తేనీరు వచ్చెను. బిస్కత్తులు వచ్చెను. ముప్పదియైదు నిమిషములకు సందర్శకులు లేచిరి.

క్రిందికి వచ్చునప్పటికి వాక్యూము వచ్చి పోయియుండెను. తాను చేసిన పనిని అది చిట్టాలో నిజాయితీగా వ్రాసిపెట్టెను. మూడు గంటల నలువదిరెండు నిమిషములకు మృతవరుసలన్నియు తొలగింపబడినవి, పట్టిక చివరనున్న ఖాళీ పుటలు కత్తిరింపబడినవి. వైకుంఠరావు ఆ పంక్తిని పలుమార్లు చదివి నేలమీద చతికిలబడి ఏడ్చెను. సిగ్గుచేత కాదు. తాను ఊళ్లలో కూర్చుండి స్వయముగా పేర్లు వ్రాసికొన్నవారి ముఖములు ఒక్కటొక్కటిగా కన్నులయెదుట తిరుగుచుండెను.

సాయంకాలము ఆ సమూహమునకు జాబు వ్రాసెను. ఎన్నడును చూడని దేశమునుండి ఒక మహాశయుడు దయతో వెంటనే బదులిచ్చెను. సర్వరును తక్షణము ఆపితిరా? వాక్యూము నడిచెనా? బ్యాకప్పును ఎన్నడైన తిరిగి నిలిపి చూచితిరా? అవి తాను లోకమునడుగు ప్రశ్నలే.

సాంకేతిక కారణములచేత వివరములు మరల సేకరింపబడునని మూడవనాడు ప్రకటన వెలువడెను. ఈ మాసాంతమునకు వివరములు చేరని గ్రామములకు ఇండ్లు చీటీలు తీసి పంచెదరట. ఎవ్వరినీ శిక్షింపలేదు. వైకుంఠరావు తన తప్పును వ్రాతపూర్వకముగా ఒప్పుకొన్న కాగితమును సంచాలకులు చదివి మడిచి సొరుగులో వేసిరి. నమోదు బల్లయొద్ద తన్ను కూర్చుండనిండని ఆతడు వేడుకొనగా దానికి మాత్రము సమ్మతించిరి.

అయిదవనాడు కోపాల పండమ్మ వచ్చెను. కొండలలోని వెదురుగుంట గ్రామమున పెద్దల పండుగనాడు గుడిసె గుడిసెకు ఎదుట నిలిచి ఆ యింటి చచ్చినవారిని బ్రదికినవారిని పేరుపేరున పిలుచు వంతు ఆమెది. ఎనుబదియేండ్లు దాటియుండును. రెండేండ్ల క్రిందట ఊరు మునుగుటకు ముందు వైకుంఠరావు ఆమె యరుగుమీదనే కూర్చుండి అఱువదినాలుగు కొంపలను ఆమె నోట విని టాబ్లెట్టునకు ఎక్కించుకొనెను. ఆ రోజున ఆమె ఎక్కడను తడుముకొనలేదు. అధికారుల మాటలను దిద్ది వ్రాయుట ఈ కథకునకు సులభమే గాని ఆమె మాటలను దిద్దుటకు చేయి రాదు, ఉన్నవి ఉన్నట్లే వ్రాయుచున్నాడు.

"మళ్లీ సెప్పమన్నారంట గదా బాబూ. మా సెల్లెలు ఇల్లూ నా ఇల్లూ ఎదురెదురు. అలాగే ఇత్తారా?"

"చెప్పుము మామ్మా. మొదటినుండి చెప్పుము" అని వైకుంఠరావు మీటలపై చేతులుంచెను.

ఆమె కన్నులు మూసికొని ఎత్తుకొనెను. ఏటి వైపు మొదటి ఇల్లు, దాని పక్క ఇల్లు, చింతచెట్టు దాటినాక రెండిళ్లు. మనుష్యులు ఒక్కొక్కరే నోటనుండి దిగి పట్టికలోనికి పోవుచుండిరి. వైకుంఠరావునకు చిరకాలమునకు ప్రాణము కుదుటపడెను. పదునేడవ ఇంటికడ ఆమె ఆగెను. పెదవులు కదలినవి, మాట రాలేదు. మరల మొదటినుండి వచ్చెను, మరల అచ్చటనే ఆగెను. చేతివ్రేళ్లు గాలిలో ఇంటికప్పును తడుముచున్నట్లు కదలెను.

"గుర్తు రావడం లేదు బాబూ. ఆడు గొడ్లు కాసేవోడు. ఆడి పేరు నీ కాడ ఉంది గదా? నీకు సెప్పేశాను గదా. నువ్వు ఎక్కించుకున్నావని నేను ఒగ్గేశాను."

వైకుంఠరావు మీటలపైనుండి చేతులు తీసెను.

"నా యొద్ద లేదు మామ్మా. పోయినది. నా చేతనే పోయినది. ఆపగలిగియు భయపడి ఆపలేదు."

ఆమె ఆతని ముఖమును చూచెను. ఆమె కోపపడునని ఆతడనుకొనెను, ఆమె కోపపడలేదు. అది మఱింత బాధ కలిగించెను.

"అయితే అలాగే రాయి. పదిహేడో ఇంట్లో ఓ మడిసి ఉండేవోడు, ఆడి పేరు ఇద్దరమూ మరిసిపోయామని రాయి. తర్వాతిల్లు సెబుతాను."

ఆతడు పేరు గడిని ఖాళీగా విడిచి మీట నొక్కెను. పేరు లేని గృహస్థుని చేర్చుకొనుటకు వీలులేదని యంత్రము నిరాకరించెను. ఏ మనుష్యుడును పేరు లేక పట్టికకెక్కరాదని ఆ కట్టడిని విధించినవాడును ఆతడే. వైకుంఠరావు కన్నులు తుడుచుకొని తాను వేసిన కట్టడిని తన చేతులతోనే తీసివేసెను. అంతట యంత్రము పదునేడవ ఇంటిని స్వీకరించి ఒక వరుస చేర్చబడినదని చెప్పెను. పండమ్మ తరువాతి ఇల్లు చెప్పుటకు కన్నులు మూసికొనెను.