కుక్కర్ విజిల్ వెయ్యలేదు

మెట్లు దిగుతుంటే గ్యాస్ వాసన గుప్పున ముక్కుకు కొట్టేసరికి సేఫ్టీ బాబాయ్ కొయ్యబారిపోయాడు.

అనుమానం లేదు. ఏదో కుళ్ళినట్టు, గొంతులో గరగరలాడే వాసన.

ఆయన బుర్ర చురుగ్గా పనిచేసింది. గ్యాస్ గాలికన్నా బరువు. పైకి పోదు, కిందికి దిగుతుంది. అంటే లీక్ కిందే ఉంది. మొదటి అంతస్తులో తన ఇంటి తలుపు ముందు నుంచే దూసుకుపోయాడు, దానివైపు కన్నెత్తి కూడా చూడకుండా. మెడలో వేలాడే విజిల్ నోట్లోకి వెళ్ళింది.

భవనం మొత్తం దద్దరిల్లింది.

"గ్యాస్ లీక్! అందరూ బయటికి రండి! స్విచ్‌లు ముట్టుకోవద్దు! వెలిగేది వెలగనీయండి, ఆరింది ఆరనీయండి!"

టైర్ల ఫ్యాక్టరీలో సేఫ్టీ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరైన మనిషి. అసలు పేరు ఆ భవనంలో ఎవరికీ గుర్తులేదు. మెట్ల మీద చెప్పులు వదిలితే తిడతాడు, ప్లగ్గులో ప్లగ్గు పెడితే తిడతాడు. ఆ విజిల్‌ని స్నానానికి కూడా తీయడని కన్నకూతురే ఎగతాళి చేస్తుంది. ఇన్నాళ్ళకి దానికి పని పడింది.

రెండో అంతస్తు లెక్కల మాస్టారు సగం గీసిన గడ్డంతో దిగివచ్చాడు. ఓనరమ్మ చేతిలో టీవీ రిమోట్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"మాస్టారూ, ఆ నురగైనా తుడుచుకోకూడదూ?"

"పేలిపోయేవాడికి నురగుంటేనేం, లేకపోతేనేం? మీరు రిమోట్‌తో దేన్ని ఆపుతారో చెప్పండి ముందు!"

కింది వాటాలో టైలరమ్మ ఉంటుంది. ముందుగది కుట్టుషాపు, వెనకగది వంటిల్లు. సేఫ్టీ బాబాయ్ లోపలికి దూకేసరికి కరెంటు మిషన్ మీద ఏదో జాకెట్ కుడుతోంది.

"అమ్మాయ్, కాలు తియ్! మిషన్ అలా వదిలేసి బయటికి నడు. స్విచ్ ముట్టుకున్నావంటే ఊరుకోను!"

"ఏమైంది బాబాయ్ గారూ?"

"ముక్కు పనిచెయ్యట్లేదా?"

"జలుబండీ. వాసనే తెలియట్లేదు" అంటూ పరుగెత్తింది.

వెనక వంటింట్లో వాసన పొగమంచులా కమ్ముకుని ఉంది. ఆయన కొంగొత్త ఉత్సాహంతో స్టవ్ దగ్గరికి ఒక్క గెంతు గెంతాడు. నాబ్ పట్టుకుని కుడివైపుకి బలం పెట్టాడు. సిలిండర్ రెగ్యులేటర్ కట్టేశాడు. ముందుగది కిటికీలోంచి వీధిలోకి తల పెట్టి అరిచాడు.

"కట్టేశాను! నాబ్ తెరిచి వదిలేసింది! ఇక భయం లేదు!"

బయట ఎవరో చప్పట్లు కొట్టారు. ఒకరిని చూసి ఇంకొకరు కొట్టారు.

గ్యాస్ మెకానిక్ వచ్చి గొట్టానికి సబ్బునీళ్ళు పూసి చూశాడు. ఒక్క బుడగ లేదు. "లీకేం లేదమ్మా. నాబ్ వదిలేసి ఉంటారు" అని తన సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు ఓనరమ్మ రిమోట్‌ని టైలరమ్మ వైపు చూపిస్తూ అంది. "నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమ్మాయ్. నువ్వు మంచిదానివే. కానీ ఇంతమంది ప్రాణాలు నీ నాబ్ మీద పెట్టుకుని నేను నిద్రపోలేను."

"కట్టేశానండీ. టీ దించగానే కట్టేశాను. నాకు బాగా గుర్తు."

"మరి అన్నయ్యగారు కట్టిందేంటి? గాలినా?"

అందరూ సేఫ్టీ బాబాయ్ వైపు చూశారు. ఆయన ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. "మనిషన్నాక మతిమరుపు ఉంటుంది. తిట్టకండి పాపం" అన్నాడు పెద్దమనిషి తరహాలో.

టైలరమ్మ తన గుమ్మంలో నిలబడి వంటింటి వైపు చూసింది.

ఆయన మెట్లెక్కాడు. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే వాసన తగ్గాలి. తగ్గలేదు. తన తలుపు ముందు నిలబడ్డప్పుడు కళ్ళు మండాయి. తాళం తీశాడు.

వంటగట్టు మీద, కూతురు కొత్తగా కొన్న కరెంటు కుక్కర్ మూత మీది సన్నటి రంధ్రంలోంచి నల్లటి పొగ దారంలా లేస్తోంది.

ప్లగ్గు పీకి, మూత తెరిచాడు.

నీళ్ళు లేవు. గిన్నె అడుగు బొగ్గయింది. అరడజను గుడ్లు పగిలి, తెల్లసొన గోధుమరంగుకి తిరిగి, పచ్చసొన ముదురాకుపచ్చగా బూజు పట్టినట్టు కనిపించింది. ఒకటి పేలి మూతకి అంటుకుంది. ఆ వాసన ముఖాన తన్నింది. ఆయన ఊరంతా విజిల్ ఊది చెప్పిన వాసనే అది.

సింకు పైన కిటికీ. కిటికీ అవతల గాలి కోసం వదిలిన ఇరుకు సందు. తొంగి చూస్తే సరిగ్గా కింద, తెరిచిన టైలరమ్మ వంటింటి కిటికీ.

ఆయన స్టూల్ మీద కూలబడ్డాడు.

పొద్దున కూతురు ఆఫీసుకి వెళ్తూ చెప్పింది. "గ్లాసు నీళ్ళు పొయ్యి నాన్నా. జాలీ మీద గుడ్లు పేర్చు. మూత మీద మీట 'మూసు' వైపు తిప్పి, బటన్ నొక్కు. అయిపోతే అదే చెప్తుంది. వెంటనే తీసి చన్నీళ్ళలో వెయ్యి, పెంకు చొక్కా విప్పినట్టు ఊడొస్తుంది."

"బాయిలర్ల మధ్య బతికినవాణ్ణి. నాకు గుడ్లు ఉడకబెట్టడం నేర్పుతావా?"

"బాయిలర్ కాదు నాన్నా, కుక్కర్. చెప్పినట్టు చెయ్యి."

చెప్పినట్టు చెయ్యలేదు. ఆవిరికి దారి ముయ్యమంటుందేమిటి ఈ పిచ్చిపిల్ల అనుకున్నాడు. ఆవిరి దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి; ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళకి ఆయన చెప్పే మొదటి పాఠం అదే. మీట 'తెరువు' దగ్గరే ఉంచాడు. బటన్ నొక్కాడు. అయిపోతే అదే చెప్తుందంది కదా. కుక్కర్ చెప్పడమంటే విజిలే కదా. మూడు విజిళ్ళకి దిగి వద్దామని మేడ మీదికి వెళ్ళి, వాటర్ ట్యాంకు మూత బిగిస్తూ చెవి ఇటే వేసి కూర్చున్నాడు.

విజిల్ రాలేదు. ఆవిరి సాంతం తెరిచిన దారిలోంచి పోయింది. ప్రెజర్ ఎక్కలేదు. కుక్కర్ పాపం నీళ్ళయిపోయేదాకా, అయిపోయాక కూడా, మరిగిస్తూనే ఉంది.

ఇది పొరపాటు. పొరపాటుకి ఆయన సిగ్గుపడేవాడే, కానీ ఇంతగా కాదు. ఆయన తన కుడిచెయ్యి వేళ్ళ వైపు చూసుకున్నాడు. ఆ వేళ్ళకి ఇంకో సంగతి తెలుసు. టైలరమ్మ స్టవ్ నాబ్ పట్టుకున్నప్పుడు అది తిరగలేదు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ముందే బిగించి ఉంది. అయినా బయట అంతమంది ఎదురుచూస్తుంటే, "కట్టేశాను" అనే మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

కిటికీలన్నీ తెరిచాడు. గుడ్లను పాత పేపర్లో చుట్టి గుడ్డసంచిలో వేశాడు. కూతురు రాకముందే గిన్నె తోమేసి, ఇవి వీధి చివర కుండీలో పారేస్తే, ఇక ఎవరికీ తెలియదు. దొంగలా మెట్లు దిగాడు. కన్నకూతురి వంటింట్లోంచి దొంగలా.

గేటు దగ్గర టైలరమ్మ నిలబడి ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"బాబాయ్ గారూ, మీకోసమే వస్తున్నాను. మీరు లేకపోతే ఈపాటికి నేను బూడిదే."

"అంత మాటెందుకమ్మాయ్..."

"నాకు ఇస్త్రీ పెట్టె ముట్టుకోవాలంటే భయంగా ఉంది. మా అమ్మకి మతిమరుపు ఇలాగే మొదలైంది. స్టవ్‌తోనే. చివరికి నన్నే ఎవరమ్మా నువ్వు అనేది." ముక్కు ఎగబీల్చింది. "గది పోతే ఇంకో గది వెతుక్కుంటాను. కానీ నాక్కూడా అదే వస్తే ఎలా బాబాయ్ గారూ?"

ఆయన సంచిని వెనక్కి దాచాడు. జలుబుకి దణ్ణం పెట్టుకున్నాడు.

"ఓనరమ్మకి మీ మాటంటే గురి. ఒక్క మాట చెప్పరూ?"

చెప్తే సరిపోతుంది, ఆయన గబగబా ఆలోచించాడు. గది నిలబెడితే చాలు. లెక్క సరిపోతుంది. సంచి సంగతి తర్వాత. "పద" అన్నాడు.

పై అంతస్తులో ఓనరమ్మ ముందుగదిలో లెక్కల మాస్టారు కూర్చుని, పొద్దుటి ప్రమాదం గురించి రెండోసారి చెబుతున్నాడు. అప్పటికి మంటలు కూడా వచ్చేశాయి అందులో. సేఫ్టీ బాబాయ్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, ఈ ఒక్కసారికి వదిలెయ్యి. అమ్మాయి జాగ్రత్తగా ఉంటుంది."

ఓనరమ్మ రిమోట్ పక్కన పెట్టింది. "మీరన్నారు కాబట్టి సరే అన్నయ్యగారూ. కానీ ఒక షరతు. రోజూ పడుకోబోయే ముందు మీరు వెళ్ళి ఆ నాబ్ చూసి రావాలి. ఈ పిల్ల మతి మీద నాకు నమ్మకం లేదు."

"నాకూ లేదండీ" అంది టైలరమ్మ నెమ్మదిగా. "చూసి వెళ్ళండి బాబాయ్ గారూ. మీరు చూస్తేనే నాకు నిద్రపడుతుంది."

గది నిలబడింది. ఆయన అనుకున్నది అయిపోయింది. ఇక "సరే" అని మెట్లు దిగడమే తరువాయి. ఆయన టైలరమ్మ చేతుల వైపు చూశాడు. సూదిలో దారం చూడకుండానే ఎక్కించే చేతులు. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి, విడిచిపెడితే ఏం చేస్తాయో తెలియనట్టు.

లెక్కల మాస్టారు ఉన్నట్టుండి ముక్కు చిట్లించాడు. "ఏమండీ... మళ్ళీ వస్తోంది! గ్యాస్! విజిల్ ఊదండి!"

సేఫ్టీ బాబాయ్ విజిల్ ఊదలేదు. మెడలోంచి తాడు తీసి టీపాయ్ మీద పెట్టాడు. దాని పక్కన సంచి పెట్టి, పేపర్ విప్పాడు. ఓనరమ్మ కొంగుతో ముక్కు మూసుకుంది.

"కూర్చోండి మాస్టారూ. గ్యాస్ కాదు. పొద్దున కూడా కాదు. ఇవి నా గుడ్లు. కుక్కర్‌లో మాడబెట్టాను. కూతురు ఎలా ఉడకబెట్టాలో చెప్తే వినలేదు. ఆవిరి దారి మూసే బదులు తెరిచి పెట్టి, మేడెక్కి విజిల్ కోసం కూర్చున్నాను. కుక్కర్ విజిల్ వెయ్యలేదు. నేనే వేశాను, ఊరంతా వినేలా. అది తెలివితక్కువతనం, నవ్వుకోండి. కానీ నవ్వేది కానిది ఇంకోటుంది. నేను నాబ్ కట్టలేదు. పట్టుకున్నాను, అది తిరగలేదు. బయట మీరంతా చూస్తున్నారు. ఏమీ లేదని చెప్పి ఖాళీ చేతులతో రావడానికి నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుని తెచ్చి ఈ అమ్మాయి నెత్తిన పెట్టాను. ఇందాక గేటు దగ్గర వాళ్ళమ్మ సంగతి చెప్తుంటే కూడా నోరు విప్పలేదు, సంచి వెనక్కి దాచుకున్నాను. అమ్మాయ్, ఇటు చూడు. నీ మతికేం కాలేదు. టీ దించావు, కట్టేశావు. నా చేతికి తెలుసు. అది కట్టే ఉంది."