సన్నాయి మీరా ఛాతీలో నేను

నేను ఒక గొట్టాన్ని. బొటనవేలంత లావు, నొక్కుకుపోకుండా ఒళ్ళంతా ఉంగరాల్లాంటి కట్లు. దోశె పెనానికి పూసే నల్ల పూత ఉంది చూశారూ, అది మా వంశమే. ఫ్యాక్టరీలో వేడిచేసి, సాగదీసి, కవర్లో మూసి, గుంటూరులో ఒక ఆసుపత్రి బీరువాలో కూర్చోబెట్టారు. పీకలమీదికి వచ్చేదాకా మనుషులకు నేను గుర్తురాను.

ఈసారి పీకలమీదికి వచ్చింది నాగుల్ మీరాకు. చిలకలూరిపేట వైపు పేరున్న సన్నాయి విద్వాంసుడు. ఛాతీలో కణితి పెరిగి, తలనుంచి గుండెకు నెత్తురు దించే పెద్ద సిరను నొక్కేసింది. ముఖం, మెడ ఉబ్బాయి. ఇంకొకరికైతే ఊరంతా కంగారుపడేది. సన్నాయి ఊదేవాడి బుగ్గలు ఉబ్బకపోతేనే కదా వింత! సాధన బాగా ముదిరిందని మేళంవాళ్ళు మెచ్చుకున్నారు. పెళ్ళివారు శాలువా కూడా కప్పారు. రోగానికి శాలువా కప్పడం మనుషులకే చెల్లింది.

భార్య హుసేన్‌బీ మాత్రం ఒప్పుకోలేదు. "ఊదేటప్పుడు ఉబ్బితే ఇద్దె. పొద్దున్నే లేచేసరికి ఉబ్బితే అదేం ఇద్దె?" అని ఆసుపత్రికి లాక్కొచ్చింది.

ఆపరేషన్‌కు ముందు అతను డాక్టర్ వసుంధరను ఒక్కటే అడిగాడు. "బతుకుతానా అని అడగనమ్మా. మళ్ళీ ఊదగలనా?"

"ఊదాలంటే బతకాలి కదండీ. ముందు ఆ పని నన్ను చూడనివ్వండి," అందావిడ.

కణితి సిరలోకి వేళ్ళు తన్నింది. ఒలిచి తీయడానికి లేదు. పైనా కిందా క్లిప్పులు బిగించి, సిర ముక్కతో సహా కోసి తీసిందావిడ. ఇక ఆలస్యమైనకొద్దీ తలలో నెత్తురు నిలవైపోతుంది. తీసేసిన సిర ముక్క స్థానంలో అతకడానికి నన్ను కొలిచి కాస్త పొట్టిగానే కత్తిరించింది. పొడుగ్గా ఉంటే ఛాతీ మూశాక మడతపడతాను. వెంట్రుకంత దారంతో కుడుతుంటే ఆ చేతులు ఒక్క కుట్టూ తప్పలేదు. నేను చూసిన చేతులే తక్కువ, అయినా చెబుతున్నాను, అలాంటి చేతులకు దణ్ణం పెట్టాలి. చివరి ముడికి ముందు నాలోని గాలంతా తరిమేసింది. బతుకంతా గొట్టంలో గాలి ఊదినవాడికి ఈ గొట్టంలో గాలి మిగిలితే ప్రాణానికే ముప్పు.

క్లిప్పులు వదిలారు. నెత్తురు నాలోంచి పరిగెత్తింది. నీలంగా ఉన్న ముఖం అందరి కళ్ళముందే తేటపడింది.

అప్పటినుంచి నేను ఇక్కడే. నాకు తుప్పూ లేదు, తుక్కుకొట్టూ లేదు. అతనున్నన్నాళ్ళు నేనూ ఉంటాను.

కొన్ని నెలలకు, డాక్టరమ్మ సరేనన్నాక, అతను వసారాలో కూర్చుని సన్నాయి ఎత్తాడు. మొదట కీచుమంది. మళ్ళీ ఊదాడు. ఈసారి మోహన రాగం నిలబడింది. బుగ్గలు పొంగాయి. హుసేన్‌బీ వంట వదిలేసి వచ్చి ఎదురుగా నిలబడింది. అతను ఆపగానే రెండు చేతులతో అతని ముఖం తడిమి చూసింది. బుగ్గలు దిగిపోయాయి.

"ఇంకోటి ఊదయ్యా," అంది.