పోయొస్త అన్నరు

రుహీ బ్యాగు సర్దుకుంటుంటే నేను ఆమె గది గడప మీద కూర్చుని చూస్తున్నాను. రెండు మూడు జతల బట్టలు, చుట్టలు చుట్టిన వైర్లు, ల్యాప్‌టాప్. నేనిచ్చిన చిన్న జంపఖానాను మడిచి పైన పెడితే జిప్పు పడలేదు. తీసి మంచం మీద వేసింది.

"మళ్ల వచ్చేదాన్నే గదవ్వా, ఇది ఈడనే ఉండనీ."

నాకు మా అక్క గుర్తొచ్చింది. రాజక్క భీవండి మగ్గాల పనికి పోతూ కొత్త చెప్పులు ఇంట్లోనే వదిలిపెట్టింది, వచ్చినంక తొడుక్కుంటానని.

కొత్తవాడలో మా ఇంటి పై గదిలో రుహీ కిరాయికి ఉండేది. చేసేది కంప్యూటర్ పనే, కానీ ఏ కంపెనీకీ కాదు, అమ్మడానికీ కాదు. ఇట్ల చేస్తే ఏమైతదో చేసి చూసుడు అని చెప్పేది. అది నచ్చినవాళ్లు సభ్యులుగా చేరి నెలనెలా తలా ఇంత డబ్బు పంపేవాళ్లు. ఆమె చేసింది వాడి, బాగుందో లేదో చెప్పేవాళ్లు. నన్నూ ఊరికే చేర్చుకుంది. నేను బడికి పోలేదు. జంపఖానాలు చుట్టే పాత పేపర్లు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. నాకు అర్థమైతే అందరికీ అయినట్టేనని నవ్వేది.

అప్పుడామె చేస్తున్నది ఒక పేజీ. అందులో ముచ్చట్లుండవు, ఫొటోలుండవు. ఎవరు తెరిస్తే వాళ్ల పేరు మీద ఒక రంగు దారం కదులుతుంది. అంతే. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లకు ఒకరి పక్కన ఒకరు కూర్చున్నట్టు అనిపిస్తుందా లేదా అన్నదే ఆమె పరీక్ష. నాకు అనిపించేది. పొద్దున చాయ్ తాగుతూ ఫోన్‌లో తెరిస్తే, నెక్కొండలో ఉండే సారంగపాణి సారు పచ్చ దారం అప్పటికే కదులుతుండేది.

ఒకరోజు ఆ దారం ఆగింది. కింద "సారంగపాణి పోయారు" అని పడింది.

నేను ఏడ్చుకుంటూ నల్లా దగ్గరికి పోయి నెత్తి మీద నీళ్లు పోసుకున్నాను. తడి చీరతోనే మెట్లెక్కి చెప్పాను. రుహీ సారుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"బువ్వ తింటాన. ఏమైందమ్మా?" అన్నాడు సారు. సంగతి విని, "నా దినాలకు ఏం వండుతానవ్ సమ్మక్కా?" అని అడిగాడు.

"వెళ్లిపోయారు" అని రాస్తే చోటు చాలక, రుహీ దాన్ని కోసి "పోయారు" అని పెట్టిందట. పేజీ మూసిన ప్రతి ఒక్కరికీ అదే మాట వస్తుందట.

"ఇంట్లకెల్లి బైటికి పోయేటోళ్లు ఏమంటరు బిడ్డా? పోయొస్త అంటరు. అదే రాయి."

రాసింది. అప్పటినుంచి ఎవరు మూసినా "పోయొస్త అన్నరు" అని వచ్చేది. సభ్యులకు ఆ మాట బాగా నచ్చింది. దారం ఆగినా నాకు భయం వేసేది కాదు.

రానురాను కొత్తవాళ్లు చేరలేదు, పాతవాళ్లు మానుకున్నారు. రుహీని పుణెలో ఒక కంపెనీ పిలిచింది. కొన్నాళ్లు అక్కడ చేసి, వచ్చి మళ్లీ మొదలుపెడతానంది. పేజీని నడిపే చిన్న డబ్బాను గదిలోనే ఉంచి, స్విచ్ ఆర్పొద్దని చెప్పింది. ఆటో ఎక్కుతూ "పోయొస్తనవ్వా" అంది.

మొదట్లో రోజూ ఆమె ఎర్ర దారం కనబడేది. తర్వాత ఎప్పుడో ఒకసారి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నేను మెట్లెక్కి, డబ్బా మీద లైటు వెలుగుతుందో లేదో చూసి వచ్చేదాన్ని. కంటి ఆపరేషన్ అయ్యాక సారు కూడా పేజీ తెరవడం మానేశాడు.

ఆఖరికి రుహీ ఫోన్ చేసింది. పని బాగుందట, అక్కడే ఉండిపోతుందట. పేజీని నడిపేది లేదట.

"నీ పేరు కాడ ఇంకా పోయొస్త అనే ఉన్నది బిడ్డా."

"మార్చాల్నా అవ్వా?"

ఇంకేం రాయమంటాను.

"వద్దు. ఉండనీ."

డబ్బా ఆర్పెయ్యమని చెప్పి ఫోన్ పెట్టేసింది. నేను ఆర్పలేదు. జంపఖానాను ఎండలో దులిపి మళ్లీ ఆ మంచం మీదే వేశాను. పొద్దున చాయ్ పెట్టుకుని పేజీ తెరుస్తాను. నా దారం ఒక్కటే కదులుతుంది. మిగతా పేర్లన్నిటి కింద అదే మాట ఉంటుంది.

రాజక్క పోయింది 1979 ఎండాకాలంలో. రుహీ పోయింది 2023 ఆగస్టులో. ఇద్దరూ తిరిగి రాలేదు.