గుమ్మడి కోలుకున్న వారం

ఆపరేషన్ కోసం కరీంనగర్ వెళ్తూ పద్మలత ఇంటి తాళంచెవి ఎదురింటి షకీలా చేతిలో పెట్టింది.

"చెట్లు ఎండినా సరే గని, గుమ్మడిని మాత్రం పైలంగ చూస్కో చెల్లె" అంది.

గుమ్మడి అంటే ఆమె హాల్లో అద్దాల తొట్టిలో నాలుగేళ్లుగా పెరుగుతున్న గోల్డ్‌ఫిష్. గుండ్రటి పొట్ట, పండిన గుమ్మడికాయ రంగు. మంచిర్యాల కలెక్టరేట్‌లో గుమాస్తా అయిన పద్మలతకు ఇంట్లో తోడంటూ ఉన్నది ఆ చేప ఒక్కటే.

షకీలా ఇంట్లోనే బట్టలు కుడుతుంది. రెండేళ్ల కింద ఆమె కూతురు యుమ్నాకు డెంగీ వచ్చింది. భర్త లారీ తోలుకుంటూ ఎక్కడో నాగపూర్ దాటి ఉన్నాడు. అప్పుడు పద్మలత ఆఫీసుకు సెలవు పెట్టి ఐదు రోజులు ఆస్పత్రిలో షకీలా పక్కనే కూర్చుంది. ఆ ఐదు రోజులకు బదులుగా తనూ ఏదో ఒకటి చేయాలని షకీలా మనసులో ఉండిపోయింది.

అందుకే పద్మలత తిరిగొచ్చేసరికి తొట్టి కొత్తదానిలా మెరవాలనుకుంది. ఒక ఉదయం చేపను బకెట్లోకి మార్చి, నీళ్లన్నీ తోడేసి, గులకరాళ్లు రుద్ది కడిగింది. ఫిల్టర్‌లో ఉన్న స్పాంజిని నల్లా కింద పెట్టి, నల్లటి నీళ్లు పోయేదాకా పిండింది. మళ్లీ నల్లా నీళ్లతోనే తొట్టి నింపి చేపను వదిలింది. అవతలి గోడ మీది క్యాలెండర్ అంకెలు కూడా నీళ్లలోంచి కనబడ్డాయి. ముచ్చటపడి ఫోటో తీసుకుంది.

మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే గుమ్మడి నీటి పైకొచ్చి మూతి తెరిచి గుటకలు వేస్తోంది. రెక్కలు ఒంటికి అంటుకుపోయాయి. తోక మీద సన్నటి ఎర్ర చారలు. గింజలు చల్లినా పట్టించుకోలేదు.

"యా అల్లా! ఏం చేసిన నేను?" అనుకుంటూ షకీలా ఒక సీసాలో ఆ నీళ్లు పట్టుకుని, పద్మలత మేత కొనే అక్వేరియం దుకాణానికి పరుగెత్తింది. దుకాణం దేవదాస్ ఆ సీసాలోని నీళ్లు పరీక్షించి, ఆమె ఫోన్లో తొట్టి ఫోటో చూశాడు.

"నీళ్లన్ని మార్చినవా చెల్లె?"

"మొత్తం మార్చిన అన్నా. స్పాంజి గూడ కడిగిన."

"గదే అయింది. నల్లా నీళ్లల్ల మందు కలుపుతరు, గది చేపకు పడది. ఇగ స్పాంజిల కంటికి కానరాని జీవాలుంటయి. చేప ఇసర్జించిన ఇషాన్ని గవే తింటయి. నువ్వు మురికి అనుకుని గా జీవాలనే కడిగేసినవు."

"బతుకుతదా?" అని అడిగింది షకీలా.

"బతికిస్తె బతుకుతది."

అతను తన సొంత తొట్టిలో నుంచి పాత స్పాంజి ముక్క కత్తిరించి, నీళ్లతో సహా కవరులో కట్టి ఇచ్చాడు. ఆ జీవాలు మళ్లీ తొట్టిలో పెరుగుతాయన్నాడు. నల్లా నీళ్లలో మందును విరిచే చుక్కల సీసా ఇచ్చి, రోజూ నాలుగోవంతు నీళ్లు మాత్రమే మార్చమన్నాడు. రెండు రోజులు మేత బంద్. గాలి పంపు ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

ఇంటికొస్తూ షకీలా, ఈ సంగతి పద్మలతకు చెప్పొద్దనుకుంది. ఆపరేషనైన మనిషిని పరేషాన్ చేయడమెందుకు? అయితే ఆ సాకు వెనక ఉన్నది తన భయమేనని ఆమెకే తెలుసు. తొట్టి ముందు కూర్చుని ఫోన్ చేసి, జరిగిందంతా దాచకుండా చెప్పింది.

"తిట్టు అక్కా."

"తిట్టుడెందుకే? నేను కొత్తల గిట్లనే కడిగి మూడు చేపలను సంపుకున్న. నీకు చెప్పకపోయింది నాదే తప్పు. ఏడ్వకు. ఫోన్ జర అద్దం దగ్గర పెట్టు, చూడనీ."

అప్పటినుంచి పొద్దునా సాయంత్రం వీడియో కాల్. షకీలా నీళ్లు మారుస్తుంటే పద్మలత మంచం మీంచి "మెల్లగ పొయ్యి, అది అదరొద్దు" అని చెప్పేది.

మూడో రోజు మధ్యాహ్నం గాలిదుమారం లేచి కరెంటు పోయింది. గాలి పంపు ఆగింది. షకీలా కుట్టుపని వదిలేసి వచ్చి దేవదాస్‌కు ఫోన్ చేసింది. "మగ్గుతోని నీళ్లు తీసి మీదికెల్లి పొయ్యి. నీళ్లు దునికితెనే గాలి కలుస్తది" అన్నాడు. ఆమె ఒక మగ్గు తర్వాత ఒక మగ్గు, ఎత్తు నుంచి ధారగా పోస్తూ నిలబడింది. భుజం లాగింది. పద్మలత ఫోన్లో ఉండి "చెయ్యి మార్చుకో, జర కూసోని పొయ్యి" అంటూ, ఆఫీసు కబుర్లన్నీ చెబుతూ తోడుంది. రెండు గంటలకు పైగా పట్టింది. కరెంటు వచ్చి పంపు బుడబుడమన్నప్పుడు షకీలా అక్కడే నేల మీద కూలబడింది.

ఐదో రోజు గుమ్మడి రెక్కలు విప్పింది. ఆరో రోజు, ఉడికించి పొట్టు తీసిన బఠాణీ ముక్కను లటుక్కున మింగింది. ఫోన్లో చూసి పద్మలత పకపకా నవ్వి, పొట్ట పట్టుకుంది. "నవ్వియ్యకే, కుట్లు గుంజుతున్నయ్!"

ఇంటికొచ్చిన రోజు పద్మలత మంచం ఎక్కకుండా తొట్టి ముందే కుర్చీ వేయించుకుంది. గుమ్మడి తోక అంచు ఒకచోట చిరిగి ఉంది. అయినా అద్దం దాకా వచ్చి మూతి ఆనించింది.

"ఆపరేషనైనంక నాకు అన్నం సయించలే, ఎవ్వలతోని మాట్లాడబుద్ధి కాలే" అంది పద్మలత, షకీలా చెయ్యి పట్టుకుని. "దీనికి పానం బాగలేదని నువ్వు ఫోన్ చేసిన్నాడే మొదటిసారి లేసి కూసున్న. రోజూ నీ ఫోన్ కోసం తెల్లారేదాక చూసేదాన్ని."

షకీలా కళ్లు తుడుచుకుంది. ఇన్నాళ్లూ తనే ఈమెకు రుణపడ్డాననుకుంది. ఇప్పుడు ఎవరు ఎవరికన్నది తెలియకుండా పోయింది. అలా తెలియకపోవడం ఆమెకు హాయిగా అనిపించింది.

పద్మలత నడవగలిగాక ఇద్దరూ ఆటోలో దేవదాస్ దుకాణానికి వెళ్లారు. షకీలా డబ్బా నిండా సేమియా చేసి తెచ్చింది. అతను తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ బిత్తరపోయి చూశాడు.

"చేప సచ్చిపోతె తిట్టనీకి అస్తరు గని అక్కా, బతికిందని చెప్పనీకి ఇప్పటిదాక ఒక్కలు రాలే" అని, వాళ్లకోసం రెండు స్టూళ్లు లాగాడు.