మధ్యాహ్నం వెలిగిన దీపాలు

పదిహేడో స్తంభం మీద దీపం మూత విప్పి, అందులో చచ్చిపడిన పురుగుల్ని ఆయన కాగితం పొట్లంలోకి ఒంపాడు. కిందికి దులిపేస్తే చిటికెలో అయ్యే పని. కానీ కింద ఎవరిదో తెల్లకారు, అప్పుడే కడిగినట్టు తళతళలాడుతోంది. పొట్లం జేబులో పెట్టుకుని, గాజుని తడిగుడ్డతో ఓసారి, పొడిగుడ్డతో ఓసారి తుడిచి, అందులో తన మొహం చూసుకున్నాడు.

"అందంగానే ఉన్నారు గానీ, తర్వాతి దాని దగ్గరికి పదండి," అంది కింద నుంచి భార్య.

ట్రక్కు వెనక మడతపడే ఇనుప చెయ్యి, దాని చివర మనిషి నిలబడే బుట్ట, బుట్టలో ఆయన. నేల మీద, నారింజరంగు కోన్ల మధ్య, మడతకుర్చీలో ఆవిడ. ముప్ఫయ్యొక్క ఏళ్లు వీపు మీద కంపెనీ పేరు మోస్తూ, కంపెనీ బండ్లలోనే ఆయన పైకెక్కాడు. రిటైరైన నెలలోనే ఈ పాత బండి కొన్నాడు. ఈ వయసులో ఈ కోతివేషాలేమిటని బావమరిది ఎకసెక్కమాడాడు. ఆవిడ మాత్రం బ్రష్షు పట్టుకుని బండి తలుపు మీద 'దీపాల మరమ్మతు' అని రాసింది. చివరి అక్షరానికి చోటు చాలక, అది హ్యాండిల్ కిందికి ఒదిగి కూచుంది.

బండి కొన్న రోజున ఆయన ఆవిడకి నేర్పింది బుట్టని పైకి పంపడం కాదు, కిందికి దింపడం. కుదుపు రాకూడదు, గుడ్లగంప దించినట్టు దించాలి అని, ఖాళీ బుట్టతో పదిసార్లు చేయించాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ అవసరం రాలేదు. పైనున్న మీటలతో ఆయనే దిగేవాడు, ఠీవిగా నిలబడి.

మూడు నెలలుగా అన్నీ చిల్లర పనులే. ఈ దుకాణాల సముదాయం వాళ్లు ఏడాది పని ఇస్తే వ్యాపారం నిలదొక్కుకున్నట్టే. అయితే మేనేజరు ఒక మెలిక పెట్టాడు. చీకటి పడేదాకా తను ఉండడట. నాలుగింటికి వస్తాడట, ముప్ఫై రెండు దీపాలూ వెలగాలట, ఒక్కటి వెలక్కపోయినా వేరేవాళ్లని పిలుచుకుంటాడట.

మధ్యాహ్నం ఆవిడ తాడుకి కట్టిన గుడ్డసంచిలో టీ పైకి పంపింది. ఆయన తాగి, ఖాళీ గ్లాసుతో పాటు పురుగుల పొట్లం కూడా సంచిలో పెట్టి దించాడు. బహుమతి అన్నాడు. ఆవిడ తెరిచి చూసి, పెళ్లయిన కొత్తలో పూలు తెచ్చేవారు, ఇప్పుడు ఇవా అని నవ్వింది. ఆయన ఎడమ భుజం రుద్దుకోవడం ఆవిడ కంటపడింది. అడిగితే, ముప్ఫై ఏళ్లు చేతులు పైకెత్తి బతికితే ఆ మాత్రం లాగదా అన్నాడు.

నాలుగింటికి పది నిమిషాలుండగా నడిమి స్తంభం దగ్గరికి వెళ్లాడు. దాని కొన మీదే సెన్సరు ఉంది. దానికి చీకటి కనిపిస్తేనే దీపాలన్నీ వెలుగుతాయి. పట్టపగలు దాన్ని నమ్మించడానికి ఆయన దగ్గర ఒక నల్ల ఉన్నిటోపీ ఉంది. పెళ్లయిన మొదటి నెలలో ఆవిడ అల్లింది. లెక్క తప్పి పెద్దదైంది, ఆయన పెట్టుకుంటే ముక్కుదాకా దిగింది. రోజూ పనిలో అదే పెట్టుకుంటున్నానని ముప్ఫై ఏళ్లు చెప్పాడు. అది ఎక్కడికి ఎక్కుతోందో ఆవిడకి తెలిసింది మూడు నెలల కిందటే, ఇద్దరూ కలిసి పనిలోకి దిగాక. కోప్పడబోయి, రెండు రోజులు పొట్టచెక్కలయ్యేలా నవ్వింది.

టోపీ సెన్సరు మీదికి దిగింది. ఎండలో దీపాలు ఒక్కొక్కటే పాలిపోయిన చందమామల్లా తేలాయి. అప్పుడే వచ్చిన మేనేజరు వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. ముప్ఫయ్యొకటి.

"ఆ మూలది వెలగలేదు," అన్నాడు.

ఆయన ఎప్పుడూ అనే మాటలే ఆవిడ నోట వచ్చాయి. "అది కాస్త బద్ధకస్తురాలండీ. వేడెక్కాలి. రెండు నిమిషాలు ఆగండి."

మేనేజరు గడియారం చూసుకున్నాడు. మూలదీపం మినుకుమంది, ఎర్రబడింది, తెల్లబడింది. అతను బండి బానెట్ మీదే కాగితం పెట్టి సంతకం చేసి, రేపటి నుంచి మీదే బాధ్యత అని చెప్పి వెళ్లిపోయాడు.

"ఏవండీ, మనకే వచ్చింది," అంది ఆవిడ తలెత్తి.

బుట్ట అంచు మీద ఆయన తల కనిపించలేదు. ఆటపట్టిస్తున్నారనుకుంది. ఇంకోసారి పిలిచింది. మూడోసారి పిలవకుండా బండి పక్కనున్న మీటల దగ్గరికి నడిచింది.

మీట పట్టుకుని మెల్లగా వంచింది. ఒక్క కుదుపు లేకుండా బుట్ట నేలకి దిగింది. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తల బుట్టగోడకి ఆనించి కూచుని ఉన్నాడు, రెప్పపడని కళ్లతో మూలదీపం వైపు చూస్తూ. ఆవిడ కూడా ఎక్కి, ఆ ఇరుకులోనే పక్కన కూచుని, పురుగుల ధూళి అంటిన ఆ వేళ్లని కొంగుతో తుడిచింది.

మర్నాడు మధ్యాహ్నం కూడా ముప్ఫై రెండు దీపాలూ వెలుగుతూనే ఉన్నాయి. వచ్చేపోయేవాళ్లు తలెత్తి చూసి, పగలు ఈ లైట్లేమిటని అనుకుంటూ కార్లెక్కారు. నడిమి స్తంభం కొన మీద నల్ల ఉన్నిటోపీ, కాస్త వదులుగా, ఓ పక్కకి ఒరిగి ఉంది.