మూత లేని డబ్బా

"ఆ తీగలు కాస్త పక్కకి జరుపమ్మాయ్, గిన్నె దించుకోవాలి" అంది అత్తగారు.

కోడలు సెన్సర్ తీగల్ని చుట్ట చుట్టి గట్టు చివరికి నెట్టింది. గిన్నె మూత తీయగానే ఆవిరి గుప్పున లేచి కిటికీ అద్దమంతా మసకేసింది. తుడుద్దామని చెయ్యి చాపినప్పుడు పక్కనే అరలో ఉన్న ప్లాస్టిక్ డబ్బా కనబడింది. దానికి మూత లేదు. లోపల అట్టముక్కలు గాలి తగులుతూ పడున్నాయి.

"అత్తయ్యా, ఈ డబ్బా మూత చూశారా?"

"ఫ్రిజ్‌లో కూరగిన్నె మీద పెట్టాను. కొలిచి చేయించినట్టు సరిపోయింది."

"ఎప్పుడు పెట్టారు?"

"ఏమో, నా మోకాలికి సూది వేయించుకొచ్చిన రోజు కాబోలు. అయినా అట్టముక్కలకి మూతెందుకే, అవేమన్నా పులిసిపోతాయా?"

ఆమె మనసులోనే రోజులు లెక్కపెట్టింది. సూది వేయించింది పోయినవారం. సెన్సర్లన్నిటికీ ఆమె కొలత నేర్పింది ఆ తరవాతే.

పంట కోశాక మిగిలే గడ్డిని గుజ్జు చేసి, పళ్ళు సర్దే ట్రేలుగా అచ్చుపోసే కార్ఖానాలుంటాయి. ఆ ట్రేలు వేడిగదిలోంచి వెళ్తున్నప్పుడు లోపల ఇంకా చెమ్మ ఉందో లేదో చెప్పే సెన్సర్లు తయారుచేస్తుంది ఆమె భర్త పెట్టిన చిన్న కంపెనీ. ఆరితే పచ్చ లైటు, ఆరకపోతే ఎర్ర లైటు. తడి ట్రే బయటికి పోయిందంటే శీతల గిడ్డంగిలో అడుగు మెత్తబడి, పైవరసలు కిందవరసల మీద కూలి, పళ్ళన్నీ నుజ్జవుతాయి. అందుకే ముందుగా ఒక అట్టముక్కని పెళపెళలాడేలా ఎండబెట్టి, గాలి తగలకుండా మూత డబ్బాలో దాచి, పొడి అంటే ఇదీ అని సెన్సర్‌కి చూపించాలి. ఆమె చూపించిన ముక్క అప్పటికే ఈ వంటింటి ఆవిరంతా తాగి ఉంది. ఇప్పుడా సెన్సర్ల దృష్టిలో వంటింటి చెమ్మే పొడి. ఆ సెన్సర్లనే కొనేముందు చూడ్డానికి ఒక కార్ఖానా మేనేజరు కాసేపట్లో కంపెనీ షెడ్డుకి వస్తున్నాడు.

గదిలో భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. విషయం చెప్తే అతని చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"ఇప్పుడా చెప్పేది? ఎంత తేడా వస్తుందేంటి?"

"ట్రే తడిగా ఉన్నా పచ్చ లైటే వెలుగుతుందండీ."

"అతనేమన్నా ట్రేని పిండి చూస్తాడా? లైటు చూసి వెళ్ళిపోతాడు. తరవాత తీరిగ్గా సరిచేద్దువుగాని." చివరి గుండీ పెట్టుకుంటూ అన్నాడు. "ఇంట్లో కూర్చుని చేసే పని కూడా ఇలా చేస్తే ఎలా? అక్కడ నువ్వేం మాట్లాడకు. కాఫీలు చూసుకో, చాలు."

ఆమె వంటింట్లోకి వెళ్ళి, కూరగిన్నె మీంచి మూత తీసి, కడిగి, పొడిగుడ్డతో తుడిచి చేతిసంచిలో వేసుకుంది. ఎందుకో తనకే తెలియలేదు.

కార్లో అతను ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆమె అత్తగారి మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. వంటింట్లో మూత కనబడితే ఎవరైనా గిన్నె మీదే పెడతారు. ఆ గట్టు మీద ఏ వస్తువైనా అందరిదీ, ఆమెది తప్ప. షెడ్డులో ఒకప్పుడు ఆమెకీ ఒక బల్ల ఉండేది. అత్తగారు మోకాళ్ళ నొప్పులతో వచ్చాక, "నీది చిన్న పనేగా, వంటింటి గట్టు మీదైనా అయిపోతుంది, అమ్మని చూసుకున్నట్టూ ఉంటుంది" అన్నాడు. అది నిజమే అనిపించేలా అన్నాడు. అప్పట్నించీ ఒక కన్ను పాల మీద, ఒక కన్ను అంకెల మీద. చుట్టాలెవరైనా అడిగితే, "ఖాళీగా ఉంటే తోచదని నాకు కాస్త సాయం చేస్తుంటుంది" అంటాడు. మొన్న డాక్టరు నిద్ర పడుతోందా అని ఆమెని అడిగితే, "బాగానే పడుకుంటుందండీ" అని అతనే జవాబిచ్చాడు. ఆమె తలూపింది. రాత్రంతా కళ్ళు తెరుచుకునే ఉన్న మనిషి, అక్కడ కూర్చుని తలూపింది. ఇవాళ కూడా తలూపితే సరిపోతుంది. పళ్ళు కుళ్ళేది ఇక్కడ కాదు, ఎక్కడో గిడ్డంగిలో. కానీ కుళ్ళాక మాత్రం కొలతలు ఎవరు పెట్టారని వెతుక్కుంటూ వస్తారు. అప్పటిదాకా సాయం అన్నది, ఆ రోజున ఆమె పని అవుతుంది.

షెడ్డులో ఆమె బల్ల మీద ఇప్పుడు రంగుల కరపత్రాలు, ఒక పూలకుండీ ఉన్నాయి. మేనేజరు ముక్తసరి మనిషి. భర్త మాట్లాడుతున్నంతసేపూ ఒక ట్రే మూలని బొటనవేలితో నొక్కి చూస్తూనే ఉన్నాడు. చూపించడానికి షెడ్డులో పెట్టిన చిన్న వేడిగదిలోంచి ట్రేలు ఒక్కొక్కటే వచ్చాయి. పచ్చ, పచ్చ, పచ్చ.

"ఇంత తొందరగా ఆరిపోతాయా?" అన్నాడు.

"మా సెన్సర్లు అంత పక్కా అండీ. ప్రతిదాన్నీ ల్యాబులో సరిచూశాకే బిగిస్తాం."

"ల్యాబు ఎక్కడ? ఒకసారి చూడొచ్చా?"

భర్త నవ్వు ముఖం మీద అలాగే నిలబడిపోయింది. ఆమె కాఫీ కప్పులు పట్టుకుని అక్కడికి వచ్చింది. అతను ఆమె వైపు చూశాడు, డాక్టరు దగ్గర చూసినట్టే.

ఆమె కరపత్రాలు పక్కకి తోసి కాఫీలు బల్ల మీద పెట్టింది.

"ల్యాబు లేదండీ. కొలతలు నేర్పేది నేను. మా వంటింట్లో, పొయ్యి పక్కన." ట్రే వైపు వేలు చూపింది. "అక్కడి ఆవిరి పట్టిన ముక్కనే ఇవి పొడి అనుకుంటున్నాయి. మీ చేతిలో ఉన్న ట్రే ఆరలేదు."

"మా ఆవిడండీ" అన్నాడు భర్త. "కాస్త కంగారు మనిషి."

మేనేజరు అతని వైపు చూడలేదు. ట్రేని వంచి చూశాడు. మూల చప్పుడు లేకుండా మడతపడింది. ఆరి ఉంటే టప్పున విరగాల్సిన అట్ట అది.

"ఇవి సరిగ్గా చెప్పాలంటే ఏం కావాలమ్మా?"

"గాలి చొరని ఒక డబ్బా" అంది. "దాని మూత తెచ్చుకున్నాను." పూలకుండీని రెండు చేతుల్తో ఎత్తి నేల మీద పెట్టింది. "ఇంకా, ఈ బల్ల. రేపట్నించి ఇక్కడే కూర్చుంటాను. సరిచేశాక పిలుస్తాను, రావడం రాకపోవడం మీ ఇష్టం."

సంచిలో ఫోన్ మోగింది. ఇంటి నంబరు. భర్త ఇంకా నోరు విప్పకముందే ఆమె ఫోన్ తీసి అతని చేతిలో పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అత్తయ్య. కూరగిన్నె మీద మూత ఏదని అడుగుతారు. మీరే చెప్పండి."